దిష్టిపట్టీ

మంగళవారం వస్తోందంటే హైమవతికి ముందురోజు నుంచే తలనొప్పి. దిష్టి తీయడానికి మంగళవారం మంచిదని చీరాల జనానికి ఎవరు చెప్పారో గానీ, ఆ మహానుభావుడు కనబడితే నాలుగు కడిగెయ్యాలని ఆమెకు ఎప్పట్నించో ఉంది. ఈ మంగళవారం కూడా 'చలివేంద్రం' తలుపు తియ్యకముందే బయట చెప్పులు గుట్ట పడ్డాయి. మనసు బాగోలేని పిల్లలు వచ్చి కూర్చుని, మాట్లాడాలనిపిస్తే మాట్లాడి, లేకపోతే క్యారమ్స్ ఆడుకుని పోయే చోటు అది. ఎండన పడి పోయేవాడికి గుక్కెడు నీళ్ళిచ్చినట్టు ఉండాలని ఆ పేరు ఆమే పెట్టింది. ఇప్పుడక్కడ పిల్లలకంటే నిమ్మకాయలు ఎక్కువయ్యాయి.

"నిమ్మకాయలు తేవద్దని పోయిన వారమే చెప్పానా లేదా?" అని గుమ్మంలోనే నిలబడి అరిచింది.

"లోపలికి తేములే మేడం గారూ. అయిపోయినాక గుమ్మం కాడ తొక్కి పోతాం," అంది వరసలో ముందున్న రత్నకుమారి, తనేదో పెద్ద రాజీకి వచ్చినట్టు.

రత్నకుమారి భర్తకు పేరాలలో చీరల కొట్టు ఉంది. వాళ్ళకు ఒక్కతే కూతురు, కుందన. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతూ, ఉన్నట్టుండి తిండి మానేసి, నిద్ర మానేసి, గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. వార్డెన్ ఫోన్ చేసి తీసుకుపొమ్మంది. అప్పట్నించి ప్రతి మంగళవారం తల్లి ఒక్కపొద్దు ఉండి, తలస్నానం చేసి, కూతుర్ని వెంటబెట్టుకుని వస్తోంది.

"పై వారం బుధవారం దీన్ని హాస్టల్లో దింపేద్దామంటున్నారండీ వాళ్ళ నాన్న. దాదాపు పోయింది కదా. మీరొక్క మాట సరేనంటే చాలు."

హైమవతి కుందన వంక చూసింది. కుందన నవ్వింది. చక్కటి నవ్వు, ఇస్త్రీ చేసి పెట్టినట్టుంది. ఆ నవ్వంటేనే హైమవతికి భయం.

ఇంత గొడవకూ మూలం రెండు పట్టీలు. వాటిని చేసినవాడు ఫణీంద్ర, ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే కుర్రాడు. హైమవతిని అక్కా అంటాడు. ఒకరోజు నుదుటికి చుట్టుకునే పట్టీలు రెండు, ఒకటి తెల్లది, ఒకటి నీలంది, మధ్యలో టిఫిన్ డబ్బా అంత పెట్టె పట్టుకుని వచ్చాడు. తెల్లది తను పెట్టుకుని, నీలంది ఆమె నుదుటికి కట్టాడు. పెట్టె మీద చిన్న పచ్చదీపం వెలిగింది. టీ మరిగేంతసేపు ఏమీ లేదు. తర్వాత హైమవతికి కడుపులో మంట మొదలైంది, మెడ నరం పట్టేసింది, ఎవర్నో పట్టుకుని దులిపెయ్యాలనిపించింది.

"నువ్వు మధ్యాహ్నం అన్నం తినలేదు. పైగా ఎవరితోనో పోట్లాడొచ్చావు," అంది పట్టీ తీసేస్తూ.

"మా ప్రిన్సిపాల్‌తో!" అని ఎగిరి గంతేశాడు ఫణీంద్ర.

ఆమెకూ గంతెయ్యాలనిపించింది. ఇన్నేళ్ళుగా "వాడికేం బాధండీ, తిండికి తక్కువా, బట్టకు తక్కువా?" అన్న మాట విని విని ఆమె చెవులు తుప్పు పట్టాయి. పిల్లలు చెబుతుంటే అడ్డం రాకుండా, కథ వినేటప్పుడు ఊఁ కొట్టినట్టు ఊఁ కొడుతూ వినండి, అంతే చాలు అని మొత్తుకునేది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది. ఇక ఆ బెంగ తీరిందనుకుంది.

మొదట అలాగే జరిగింది కూడా. టింబర్ డిపో సాంబశివరావు గారు కొడుకుని లాక్కొచ్చి, "వీడివన్నీ వేషాలు మేడం," అన్నాడు. నీలం పట్టీ కట్టారు. కాసేపటికి ఆ పెద్దమనిషి గుండె మీద చెయ్యి పెట్టుకుని కుర్చీలోంచి జారి నేల మీద కూర్చున్నాడు. "ఇది రోజూ ఉంటదా వీడికి?" అని అడిగాడు. ఉంటుందండీ అంది హైమవతి. అతను కొడుకుని వాడరేవు తీసుకుపోయి, ఇసకలో కూర్చోబెట్టి, చీకటి పడేదాకా వాడు చెప్పింది విన్నాడు. వాడు తేరుకున్నాడు.

అంతే, వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. సాంబశివరావు గారి భార్య ఊరంతా చెప్పిందేమిటంటే, మా ఆయన మా వాడి బాధంతా పట్టీతో లాగేసుకున్నాడు, అని. వాడరేవు సంగతి ఆమెకు గుర్తే లేదు. వారం తిరిగేసరికి దానికి 'దిష్టిపట్టీ' అని పేరు పడిపోయింది.

"అమ్మా, దీంతో ఏదీ పోదు. దీపంతో దీపం ముట్టించినట్టు. రెండోది వెలుగుతుంది, మొదటిది ఆరదు. మీ పిల్లకు ఏముందో మీకు తెలుస్తుంది, అంతే," అని హైమవతి గొంతు పోయేలా చెప్పింది.

"అబ్బ, ఎంత బాగా చెప్పారండీ!" అని మెచ్చుకుని, తల్లులు పిల్లల వైపు తిరిగి చేతులు చాచేవాళ్ళు. "ఇటివ్వు తల్లీ. నాకిచ్చెయ్యి. మొత్తం ఇచ్చెయ్యి."

తీరికలేనివాళ్ళు మనుషుల్ని పంపారు. ఒకాయన నానమ్మని పంపాడు. ఇంకొకాయన డ్రైవర్ని పంపితే, అతను చేతులు కట్టుకుని నిలబడి, "చిన్నబాబు గారి బాధ నాకెక్కించమన్నారండీ," అన్నాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. ఇక్కడ రోకలి బదులు పట్టీ, అంతే తేడా అని హైమవతి తల పట్టుకుంది.

ఆ మంగళవారం కూడా రత్నకుమారి నీలం పట్టీ కట్టుకుని, "ఇటివ్వు తల్లీ," అంటూ కళ్ళు మూసుకుంది. ఎదురుగా తెల్ల పట్టీతో కుందన. పక్కన ఫణీంద్ర ల్యాప్‌టాప్ మీద, తెల్ల పట్టీ కట్టుకున్న పిల్ల బాధ ఎంతుందో చూపించే గీత నేలకు అంటుకుని పోతోంది.

"చూశావా అక్కా? మొదటి వారం ఇది కొండంత ఉంది. ఇప్పుడు సున్నాకి వచ్చేసింది!"

హైమవతి గీతను చూడటం లేదు. కుందన పెదవులు కదులుతున్నాయి. జపం చేసేవాళ్ళలా సన్నగా, ఆగకుండా.

మర్నాడు హైమవతి పేరాలలో వాళ్ళింటికి వెళ్ళింది. రత్నకుమారి నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని మంచం మీద ఉంది. మొదట్లో నిజంగానే కూతురి బరువు ఆమె ఒంటికి తెలిసి, రెండేసి రోజులు లేవలేకపోయేది. ఇప్పుడు మంగళవారం తర్వాత పడుకోవడం ఆమెకు వ్రతంలో భాగమైపోయింది.

"దానికి బాగుంటే చాలండీ. నేనేమైపోతే ఏం," అంది నీరసంగా. అబద్ధం కాదు. అందుకే హైమవతికి ఇంకా ఒళ్ళు మండింది. ప్రేమ లేకపోతే కేకలేసి ఒప్పించవచ్చు. ప్రేమతో చేసే తెలివితక్కువ పనికి మందేముంది?

వంటింట్లో కుందన చట్నీకి పోపు పెడుతోంది.

"నిన్న ఏం చదువుకున్నావమ్మా, పట్టీ కట్టుకుని?"

కుందన గరిటె ఆపింది. తల్లి గది వైపు చూసి, గొంతు తగ్గించింది. "పంతొమ్మిదో ఎక్కం మేడం. అయిపోతే వెనక నుంచి ముందుకి చదువుతా. లెక్క నడుస్తుంటే మనసులోకి ఇంకేదీ రాదు. గీత పైకి లేవదు."

"ఎందుకట్లా?"

"మొదటిసారి అమ్మ గోడకి తల కొట్టుకుంది మేడం. 'నా బిడ్డకి ఇంత బాధా' అని. నా బాధ చూసి అమ్మ, అమ్మని చూసి నేను. దానికంటే ఎక్కం నయం కదా?" అని మళ్ళీ ఆ ఇస్త్రీ నవ్వు నవ్వింది. "వరసలో కూర్చునే పిల్లలకి కూడా నేర్పాను. ఒకడికి ఎక్కాలు రావు. వాడు క్రికెట్ స్కోర్లు చదువుతాడు."

హైమవతి పొయ్యి కట్టేసి, ఆ పిల్లకు ఎదురుగా నిలబడింది. "మరి లోపలిది తగ్గిందా?"

కుందన పోపు తీసి చట్నీలో ఒంపింది. "అది మీరు అమ్మతో చెప్పనంటే చెప్తా."

"చచ్చిపోవాలనిపించే మాటైతే మాత్రం నేను దాచను. అది ముందే చెప్తున్నా."

పిల్ల గిన్నె మీద మూత పెట్టేసింది. "అయితే తగ్గింది మేడం," అంది.

అది తగ్గినవాళ్ళు చెప్పే తీరు కాదు. ఈ పిల్ల బుధవారం హాస్టల్లో దిగితే, అక్కడ గోడకూ ఈ పిల్లకూ మధ్య అడ్డం వచ్చేవాళ్ళెవరూ ఉండరు. వెళ్ళేముందు రత్నకుమారి మంచం మీద కూర్చుని, ఇప్పుడే పంపొద్దమ్మా, పిల్ల ఇంకా తేరుకోలేదు, ఒంటరిగా వదలొద్దు అని నచ్చజెప్పింది.

"మిషను సున్నా అంటుంటే మీరేందండీ ఇట్టా మాట్లాడతారు?" అంది రత్నకుమారి నొచ్చుకుని. "వాళ్ళ నాన్న అప్పుడే హాస్టలోళ్ళకి మాటిచ్చాడు."

వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర హైమవతి కుందన చెయ్యి పట్టుకుంది. "వచ్చే మంగళవారం ఒక్కసారి ఎక్కం చదవకుండా కూర్చుంటావా? ఒకే ఒక్కసారి."

"అమ్మ పడిపోద్ది మేడం."

"పడితే నేను పట్టుకుంటా. ఇంత లావు మనిషిని ఎందుకున్నాను?"

కుందన చెయ్యి విడిపించుకుని వంటింట్లోకి పోయింది.

ఫణీంద్రతో గొడవ అంతకంటే కష్టమైంది. అతను గుంటూరులో పెద్ద ఆఫీసర్లకు పట్టీల సంగతి చూపించబోతున్నాడు. ప్రతి జూనియర్ కాలేజీకీ ఒక జత ఇచ్చి, నీలం పట్టీ కట్టుకోవడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టాలని ప్రతిపాదన. మంగళవారమే మీటింగు. చలివేంద్రం నుంచి కుందన గీత నేరుగా అక్కడి తెర మీద పడుతుంది. చివరి సున్నా అందరూ కళ్ళారా చూడాలి.

"జీతగాడికి బాధ ఎక్కిస్తారా? సిగ్గుందా నీకు?" అంది హైమవతి. "అసలు నీ గీత అబద్ధం. పిల్లలు ఎక్కాలు చదువుతున్నార్రా!"

"అక్కా, గీత అబద్ధమెందుకు చెబుతుంది? దానికేం పని?"

"గీత చెప్పదు. పిల్లలు చెబుతారు. నీ మిషను వాళ్ళకు దాచుకోవడం నేర్పింది. మాటల్లో దాచడం ముందే వచ్చు, ఇప్పుడు గుండెల్లో దాచడం కూడా వచ్చింది."

"ఒకళ్ళిద్దరు చేసుంటారు. అంతమంది చెయ్యరు."

అతను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అతని మొహంలోని ఆశ చూస్తే తిట్టబుద్ధి కాలేదు, తిట్టకుండానూ ఉండలేకపోయింది. తిట్టి, టీ పోసి పంపింది.

మళ్ళీ మంగళవారం వచ్చింది. రత్నకుమారి పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆఖరుసారి కదా, శాస్త్రోక్తంగా జరగాలని చేతిలో పళ్ళెం. వరసలో ఉన్నవాళ్ళతో ఒక తల్లి నిమ్మకాయల గురించి తగాదా పెట్టుకుంటే, హైమవతి సర్దడానికి బయటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి రత్నకుమారి నీలం పట్టీ కట్టుకుని తయారుగా కూర్చుని ఉంది. పెట్టెకు పసుపు రాసి, బొట్లు పెట్టి, పైన బంతిపువ్వు ఉంచింది.

"ఇది మోటారుబండి కాదమ్మా, బొట్లు పెట్టడానికి!"

"ఇంత మేలు చేసినదానికి ఆమాత్రం చెయ్యొద్దాండీ?"

వాదించే ఓపిక లేక హైమవతి మీట నొక్కి, కుందన పక్కన కూర్చుంది. కుందన తెల్ల పట్టీ కట్టుకుంది. ఒక్కసారి హైమవతి వైపు చూసింది. ఆ చూపులో నవ్వు లేదు. తర్వాత కళ్ళు మూసుకుంది.

పెదవులు కదల్లేదు.

మొదట ఆ పిల్ల భుజాలు కిందికి జారాయి. తర్వాత గడ్డం వణికింది. చేతులు రెండూ ఒళ్ళో ముడుచుకుని, ఏదో బరువైనది ఇన్నాళ్ళూ ఎత్తి పట్టుకుని ఇప్పుడు దించుతున్నట్టు, శ్వాస లోపల్నించి ఎగదన్నుకొచ్చింది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. హైమవతి లేచి, రత్నకుమారి పడిపోతే పట్టుకోవడానికి ఆమె కుర్చీ వెనక నిలబడింది.

రత్నకుమారి పడలేదు. ఆమె మొహం విప్పారింది.

"చల్లగా ఉందండీ!" అంది. "అబ్బ, ఎంత చల్లగా ఉందో! ఏమీ లేదు మేడం గారూ! మొత్తం పోయింది. నా తల్లి బాగైపోయింది!"

కుందన కళ్ళు తెరిచింది.

హైమవతి జన్మలో అలాంటి చూపు చూడకూడదనుకుంది. ఆ పిల్ల ఉన్నదంతా తీసి తల్లి ముందు పెట్టింది. తల్లి అందులో చెయ్యి పెట్టి చూసి, ఏమీ లేదంటోంది. కుందన మొహం మళ్ళీ మూసుకుపోవడం మొదలైంది. ఇస్త్రీ నవ్వు వచ్చేస్తోంది. అది వచ్చేస్తే ఇక జీవితంలో ఎవరికీ ఏమీ చెప్పదు.

అప్పుడు ఫోన్ మోగింది. గుంటూరు నుంచి ఫణీంద్ర. "అక్కా, ఏంటిది? ఇక్కడ తెర మీద గీత పైకి పోతోంది! కొండ కాదు, గోడలా లేచింది. అందరూ చూస్తున్నారు. పట్టీ చెడిపోయిందా?"

"చెడలేదు," అంది హైమవతి. "ఆ పిల్ల ఎక్కం ఆపింది. అందర్నీ చూడమను."

ఫోన్ బల్ల మీద పడేసి, పెట్టె మీద బొట్టు వేలితో తుడిచింది. బొట్టు కింద దీపం పచ్చగా లేదు, ఎర్రగా ఉంది. నీలం పట్టీ అందడం లేదని దానర్థం. రత్నకుమారి నుదుటి నుంచి పట్టీ విప్పింది. లోపలి వైపు, చర్మానికి తగిలే వెండి బిళ్ళల మీద, పచ్చి పసుపు ముద్ద దట్టంగా మెత్తి ఉంది. ఇంకా తడి ఆరలేదు.

"ఆఖరిసారి కదండీ, పట్టీకి కూడా రాశా," అంది రత్నకుమారి బిక్కమొహంతో. "మంచిదని."

హైమవతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందుగా నోరు తెరిచింది కుందన.

"పసుపు చల్లగా ఉందే అమ్మా! నేను కాదు!" అని అరిచింది. ఆ పిల్ల గొంతు ఎప్పుడూ అంత పెద్దగా లేవలేదు. "నాది నీకు ఒక్క చుక్క కూడా అందలేదు! నువ్వేమో పోయింది పోయింది అంటావు! అదెక్కడికి పోద్దే? దాన్ని పెట్టుకుని నేను చస్తుంటే!"

"అయ్యో, అయ్యో తల్లీ!" రత్నకుమారి కొంగుతో గబగబా పట్టీ తుడవసాగింది. "తుడిచేస్తా. మళ్ళీ పెట్టండి మేడం గారూ. ఇటివ్వు నాన్నా, నేను తీసుకుంటా, మొత్తం తీసేసుకుంటా..."

"వద్దు!" కుందన తన పట్టీ లాగి పెట్టె మీద పడేసింది. బంతిపువ్వు కింద పడింది. "తీసుకోవద్దు. నువ్వు తీసుకుంటే నీకూ ఉంటది, నాకూ ఉంటది. తీసుకోవద్దమ్మా. విను. ఊరికే విను."

రత్నకుమారి చెయ్యి పట్టీతో సహా గాల్లో ఆగిపోయింది. అలవాటు చొప్పున కూతురి తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరవబోయింది, సగంలో ఆపుకుంది. ఆ చేతుల్ని ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు. చివరికి రెంటినీ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది.

"చెప్పు," అంది.

కుందన హైమవతి వైపు చూసింది. హైమవతి తల ఊపింది.

"పొద్దున మెలకువ వస్తే ఎందుకు వచ్చిందా అనిపిస్తదమ్మా," అంది కుందన. "రోజూ. బతకబుద్ధి కాదు. హాస్టల్లో పడుకుంటే..."

రత్నకుమారి నోరు తెరిచింది. హైమవతి ఆమె భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది. ఆ నోరు వణుకుతూ మూసుకుంది. ఏడుపు గొంతు దాకా వచ్చి ఆగడం హైమవతి చేతికి తెలిసింది. ఏ పట్టీ లేకుండానే తెలిసింది.

బుధవారం ప్రయాణం ఉండదు, దాని గురించి ఇక మాట అక్కర్లేదు. రేపే డాక్టర్ దగ్గరికి తనే తీసుకువెళ్తుంది. ఈ పిల్లను ఒంటరిగా వదలకుండా ఎవరెవరు ఉండాలో సాయంత్రం తండ్రిని పిలిపించి చెబుతుంది. ఆయన గొడవ చేస్తాడు. చెయ్యనీ, గొడవలు ఆమెకు కొత్త కాదు. బల్ల మీద ఫోన్‌లో ఫణీంద్ర ఇంకా లైన్లోనే ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చింది. గుంటూరులో తెర ముందు నిలబడి, గోడలా లేచి తెగిపోయిన గీతనే అతను చూస్తున్నాడని ఆమెకు తెలుసు. ఫోన్ కట్టేసి, పెట్టె మీట కూడా కట్టేసి, చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

వరండా నిండా జనం. "ఏందండీ, లోపల అరుపులు? ఇంకెంతసేపు? మా వంతు ఎప్పుడు?"

"ఇవాళ పట్టీ లేదు," అంది హైమవతి.

"మరి ఎప్పుడొస్తదండీ?"

"రాదు."

ఒక్కసారిగా గోల లేచింది. ఒక్కపొద్దులున్నామన్నారు, ఆటో కట్టించుకుని వచ్చామన్నారు, నిమ్మకాయలు ఏం చేసుకోవాలన్నారు. "షర్బత్ చేసుకోండి!" అని అరిచింది హైమవతి. "పిల్లలకి ఇవ్వండి. తాగుతూ ఏదైనా చెబితే వినండి. అది రాదా మీకు?"

వాళ్ళు ఆమెకేదో అయినట్టు చూశారు. నిమ్మకాయలు పట్టుకున్న తల్లుల వెనక పిల్లలు మాత్రం తలుపు వైపు చెవులు పెట్టి నిలబడ్డారు.

లోపల కుందన గొంతు ఆగి ఆగి వినిపిస్తోంది. మాటలు అందడం లేదు. చాలాసేపు అదొక్కటే గొంతు. అది ఎక్కడో తడబడి ఆగిపోయింది. హైమవతి తలుపు మీద చెయ్యి వేసింది. ఇప్పుడు ఈ మహాతల్లి ఏదో ఒకటి అంటుంది, పాడు చేస్తుంది, అనుకుంది.

"ఊఁ," అంది లోపల రత్నకుమారి.